వీసా ఒకసారి రిజెక్ట్ అయ్యాక విదేశీ ఉద్యోగం: ఏ దారి ఎవరికి?

తిరుపతిలో ఒకరికి వీసా రిజెక్ట్ అయిందని తెలిస్తే సాయంత్రానికల్లా మూడు సలహాలు ఇంటికే వచ్చేస్తాయి. "పాస్‌పోర్టు పోయిందని చెప్పి కొత్తది తీసుకో సామీ, పాతదేదీ కనపడదు" అనేది కన్సల్టెన్సీవాళ్ల మాట. "ఆ దేశాలన్నీ మనకెందుకురా, కువైట్‌కి పో" అనేది మేనమామ మాట. "వచ్చే నెల మళ్లీ పెట్టు మచ్చా, ఆఫీసర్ మారితే వచ్చేస్తుంది" అనేది చెన్నైలో ఉండే ఫ్రెండ్ మాట. వీటిలో మొదటిది నేరం. మిగతా రెండూ కొందరికి సరిగ్గా సరిపోతాయి, కొందరికి డబ్బు దండగ. మీరు ఏ కోవలోకి వస్తారో ముందు తేల్చేది మీరు ఎంచుకున్న దేశం కాదు, మీ చేతికిచ్చిన తిరస్కరణ కాగితం.

చిక్కేమిటంటే చాలామంది దగ్గర ఆ కాగితమే ఉండదు. ఫారం నింపింది కన్సల్టెన్సీ, లాగిన్ వాళ్లది, ఈమెయిల్ ఐడీ కూడా వాళ్లు సృష్టించిందే. "ఫండ్స్ సరిపోలేదంట" అని నోటిమాటగా చెప్పి పంపేస్తారు. కాబట్టి మళ్లీ అప్లై చేయాలనుకునేవాళ్ల మొదటి పని కొత్త దేశం వెతకడం కాదు. పాత లేఖ, అప్పుడు నింపిన ఫారం కాపీ, జత చేసిన డాక్యుమెంట్లు మొత్తం తెచ్చుకోవాలి. ఇవ్వమంటే వాళ్లు నసిగితే, మీ పేరు మీద ఏదో పెట్టకూడనిది పెట్టి ఉంటారని అనుమానించడంలో తప్పు లేదు.

ఆ కాగితంలో ఏముంది

అమెరికా విషయంలో తరచుగా కనిపించేవి రెండు నంబర్లు. 214(బి) అంటే, మీరు అడిగిన తాత్కాలిక వీసాకు అర్హులని, పని ముగించుకొని తిరిగొస్తారని ఆఫీసరును ఒప్పించలేకపోయారని అర్థం. దీనికి అప్పీలు లేదు. 221(జి) అంటే కాగితాలు చాలలేదు, లేదంటే ఇంకా పరిశీలించాల్సి ఉంది. రికార్డులో ఇదీ తిరస్కరణగానే నిలుస్తుంది, కానీ అడిగిన కాగితం ఏడాదిలోపు ఇస్తే కొత్త ఫీజు లేకుండా పాత ఫైలే కదులుతుంది. ఈ తేడా తెలియక 221(జి) చీటీ పట్టుకొని మళ్లీ ఫీజు కట్టినవాళ్లున్నారు. మూడోది అరుదు, కానీ అసలు భయపడాల్సింది దానికే: 212(ఎ)(6)(సి). అబద్ధం చెప్పారని, నకిలీ పత్రం పెట్టారని తేల్చినప్పుడు వేసేది ఇది. దీనికి కాలపరిమితి లేదు. ప్రత్యేక మినహాయింపు దొరికితే తప్ప జీవితాంతం వెంటాడుతుంది.

బ్రిటన్ లేఖ కారణాన్ని పేరాలు పేరాలుగా రాస్తుంది. చదవడానికి కోపం వస్తుంది గానీ, మళ్లీ అప్లై చేసేవాడికి దానంత ఉపయోగపడే కాగితం లేదు. షెన్‌గెన్ దేశాలు (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) ఒక అచ్చు ఫారంలో వర్తించే కారణానికి టిక్ పెట్టి ఇస్తాయి. కెనడా లేఖలు ఒకప్పుడు పొడిపొడిగా ఉండేవి. 2025 జూలై చివరి నుంచి కొన్ని రకాల తిరస్కరణ లేఖలతో పాటు ఆఫీసరు రాసుకున్న నోట్స్ కూడా పంపుతున్నారు. అంతకుముందు రిజెక్ట్ అయినవాళ్లు ఆ నోట్స్‌ను సమాచార చట్టం కింద 5 కెనడా డాలర్లు కట్టి తెప్పించుకోవచ్చు. కాకపోతే ఆ దరఖాస్తును కెనడా పౌరుడో, అక్కడ శాశ్వత నివాసం ఉన్నవాడో, ఆ దేశంలో ఉన్న మనిషో పెట్టాలి. అక్కడున్న బంధువుకో స్నేహితుడికో మీ సమ్మతి పత్రం పంపితే పని జరుగుతుంది.

మన జిల్లాల ఫైళ్లలో పదేపదే కనిపించే కారణం ఒకటి చెప్పాలి. నైనాకు మామిడి తోట ఉంటుంది. తోతాపురి కాయ జూన్, జూలైలో పల్ప్ ఫ్యాక్టరీకి పోతుంది. డబ్బు ఎప్పుడిస్తారో ఆ దేవుడికే ఎరుక, ఇచ్చినప్పుడు మాత్రం ఒకేసారి ఖాతాలో పడుతుంది. ఏడాదంతా వేలల్లో నడిచిన ఖాతాలో ఉన్నట్టుండి ఏడెనిమిది లక్షలు. ఇంటి మనిషికి అది పంట డబ్బు. స్టేట్‌మెంట్ తప్ప ఇంకేమీ చూడని ఆఫీసరుకు అది ఎవరి దగ్గరో తెచ్చి చూపించిన అప్పు. తేడా చూపించేది ఫ్యాక్టరీ ఇచ్చిన తూకం చీటీలు, చెల్లింపు రసీదు, తోటకు సంబంధించిన పట్టాదారు పాసుపుస్తకం, 1బి (భూమి రికార్డు నకలు). వీటికి అనువాదం చేయించి, పైన ఒక పేజీలో "ఈ తేదీన పడిన ఈ మొత్తం ఈ రసీదుకు సంబంధించినది" అని జత కలిపితే చాలు. ఇలాంటి ఫైలు మళ్లీ పెట్టుకోవడానికి యోగ్యమైనది. అదే నిజంగానే వడ్డీకి తెచ్చి చూపించిన డబ్బయితే, మళ్లీ అదే దారిలో పోవడం మూర్ఖత్వం.

చెప్పడమా, దాచడమా

దీన్ని రెండు సమానమైన దారులుగా పోల్చడం నాకు ఇష్టం లేదు. కానీ జనం అలాగే అడుగుతారు కాబట్టి లెక్క చూద్దాం.

చెబితే జరిగేది: ఇంకో ప్రశ్న అడుగుతారు, ఇంకాస్త జాగ్రత్తగా చూస్తారు. పాత తిరస్కరణ ఒక్కటే కారణంగా ఉద్యోగ వీసా ఆపేయాలన్న నియమం ఈ దేశాల్లో లేదు. దాచి దొరికితే జరిగేది: కెనడాలో తప్పుడు సమాచారం కింద 5 ఏళ్ల నిషేధం. బ్రిటన్‌లో మోసం తేలితే 10 ఏళ్లు. ఆస్ట్రేలియాలో 3 ఏళ్లు, గుర్తింపు విషయంలో మోసమైతే 10. అమెరికా సంగతి పైన చెప్పిందే. సాధారణ తిరస్కరణను దాచబోయి శాశ్వత నిషేధం కొనుక్కోవడం ఏ లెక్కలో చూసినా నష్టమే.

కొత్త పాస్‌పోర్టుతో పాతది మాయమవుతుందన్నది వేలిముద్రలు లేని రోజుల నాటి ఆలోచన. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వలస వివరాలను, వేలిముద్రలతో సహా, ఒకదానితో ఒకటి సరిపోల్చుకునే ఏర్పాటు ఉంది. షెన్‌గెన్ వీసా వ్యవస్థలో మీ తిరస్కరణ 5 ఏళ్ల దాకా నిల్వ ఉంటుంది. పైగా ఉన్న పాస్‌పోర్టు పోయిందని చెప్పడం ఇక్కడి చట్టం ప్రకారమే తప్పు.

అయితే అడగనిది చెప్పాల్సిన అవసరం కూడా లేదు. ఫారంలోని ప్రశ్నను అక్షరం అక్షరం చదవండి. అమెరికా వీసా ఫారం డీఎస్-160 అడిగేది అమెరికా వీసా తిరస్కరణ గురించి. మీకు కెనడా రిజెక్షన్ ఉంటే ఆ ప్రశ్నకు 'లేదు' అనడం అబద్ధం కాదు. ఇంటర్వ్యూలో నోటితో అడిగితే మాత్రం నిజం చెప్పాలి. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా ఫారాలు ఏ దేశమైనా సరే అని అడుగుతాయి. అక్కడ షెన్‌గెన్ టూరిస్టు వీసా తిరస్కరణ కూడా లెక్కలోకి వస్తుంది. 221(జి) వచ్చి తర్వాత వీసా ఇచ్చేసినవాళ్లు "అది రిజెక్షన్ కాదుగా" అనుకొని వదిలేస్తుంటారు. దాన్ని కూడా రాసి, తర్వాత వీసా వచ్చిందని పక్కనే చేర్చడం మేలు.

వివరణ పెట్టెలో కథ రాయకండి. అందులో ఉండాల్సింది ఇంతే: "2022 ఆగస్టులో కెనడా స్టడీ పర్మిట్‌కు దరఖాస్తు చేశాను. చదువు పూర్తయ్యాక తిరిగి వెళ్తాననే నమ్మకం కలగలేదని తిరస్కరించారు. లేఖ జత చేశాను. అప్పటి నుంచి చెన్నైలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా పనిచేస్తున్నాను. ఈ దరఖాస్తు ఉద్యోగం కోసం." ఇంగ్లీషులో రాసినా ఇంతకు మించొద్దు. ఆఫీసరు అన్యాయం చేశాడని, కరోనా వల్ల మనసు బాగాలేదని రాసినవి చదివాను. అవి ఎవరికీ మేలు చేయలేదు.

మళ్లీ అక్కడికే, రివ్యూకు, లేదా ఇంకో చోటికి

ఇక్కడే అందరూ మర్చిపోయే విషయం ఒకటుంది. మనవాళ్లలో ఎక్కువమంది పాత రిజెక్షన్ ఉద్యోగ వీసాది కాదు, స్టూడెంట్ వీసాదో టూరిస్టు వీసాదో. ఆ రెండింటికీ ఆఫీసరు అడిగే ప్రశ్న "తిరిగొస్తావా?" అని. ఉద్యోగ వీసాలో ముందుకొచ్చే ప్రశ్నలు వేరు: ఆ ఉద్యోగం నిజమైనదా, జీతం నిబంధనకు సరిపోతుందా, నీకు ఆ అర్హత ఉందా? అమెరికా హెచ్-1బి (నైపుణ్య ఉద్యోగాలకు ఇచ్చే వీసా), ఎల్-1 (అదే సంస్థ విదేశీ శాఖ నుంచి బదిలీపై వెళ్లేవాళ్ల వీసా)లకైతే "వలస వెళ్లే ఉద్దేశం ఉంది" అని ముందే అనుకునే నియమమే వర్తించదు. ఇరవై రెండేళ్లప్పుడు స్టూడెంట్ వీసా ఎఫ్-1కు 214(బి) పడిందని, ముప్పై ఏళ్లకు వచ్చిన ఎల్-1 అవకాశాన్ని వదులుకోవాల్సిన పని లేదు. ఈ రెండు వీసాల మధ్య ఎంచుకోవాల్సి వస్తే ఇప్పుడు ఎల్-1 వైపు చూడమనే నేనంటాను. 2025 సెప్టెంబరులో వచ్చిన ఉత్తర్వు ప్రకారం దేశం బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త హెచ్-1బి పిటిషన్‌కు కంపెనీ లక్ష డాలర్లు కట్టాలి. తిరుపతిలో కూర్చున్న మనిషి కోసం అంత పెట్టే కంపెనీలు ఎన్నుంటాయో మీరే ఊహించుకోండి. ఎల్-1కు గత 3 ఏళ్లలో కనీసం ఏడాది పాటు అదే సంస్థకు చెందిన విదేశీ శాఖలో ఏకధాటిగా పనిచేసి ఉండాలి. చెన్నై, బెంగళూరుల్లో బహుళజాతి కంపెనీల్లో ఉన్నవాళ్లకు అందే దారి ఇది.

బ్రిటన్ విషయంలో పోలిక స్పష్టంగా ఉంటుంది. స్కిల్డ్ వర్కర్ వీసా తిరస్కరిస్తే లేఖ అందిన 28 రోజుల్లో 80 పౌండ్లు కట్టి అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ (ఆ నిర్ణయంలో పొరపాటు జరిగిందేమో మళ్లీ చూడమనడం) అడగొచ్చు. మీరు పెట్టిన కాగితాన్ని ఆఫీసరు చూడకుండా వదిలేశాడు, జీతం లెక్క తప్పు వేశాడు అన్నప్పుడు ఇది సరైన దారి. మీరు పెట్టని కాగితాన్ని ఇప్పుడు పెట్టడానికి మాత్రం ఇది పనికిరాదు. ఉదాహరణకు ఖాతాలో 1,270 పౌండ్లకు సమానమైన డబ్బు వరుసగా 28 రోజులు ఉండాలి, మధ్యలో ఒకరోజు తగ్గింది. అది మీ పొరపాటు, రివ్యూ దాన్ని దిద్దదు. మళ్లీ కొత్తగా పెట్టుకోవాల్సిందే. రివ్యూ నడుస్తుండగా కొత్త దరఖాస్తు పెడితే ఆ రివ్యూ ఉపసంహరించుకున్నట్టే లెక్క, కాబట్టి రెండు పడవల మీద కాళ్లు పెట్టడం కుదరదు. రివ్యూకు నెలలు పట్టొచ్చు. ఈలోపు వీసాకు బ్రిటన్ అడిగే టీబీ సర్టిఫికెట్‌కు 6 నెలలు నిండిపోతాయి, మళ్లీ చెన్నైకో హైదరాబాద్‌కో వెళ్లి ఎక్స్‌రే తీయించుకోవాలి. డబ్బు సంగతికొస్తే, తిరస్కరిస్తే అక్కడి వైద్య సేవల కోసం ముందే కట్టే హెల్త్ సర్‌చార్జ్ వెనక్కొస్తుంది, వీసా ఫీజు రాదు. ఏడాదికి 1,035 పౌండ్ల చొప్పున మూడేళ్లకు కట్టినది తిరిగి రావడమంటే చిన్న మొత్తం కాదు, ఖాతా చూసుకోండి.

నియమాలు మారిపోయి ఉండొచ్చని కూడా గుర్తుపెట్టుకోండి. 2023లో కేర్ వర్కర్‌గా అప్లై చేసి రిజెక్ట్ అయినవాళ్లు కాగితాలు బాగుచేసుకొని ఇప్పుడు మళ్లీ పెడదామంటే, 2025 జూలై 22 నుంచి విదేశాల్లో ఉన్నవాళ్లను ఆ పనికి కొత్తగా తీసుకోవడమే ఆపేశారు. మిగతా స్కిల్డ్ వర్కర్ ఉద్యోగాలకు అదే రోజు నుంచి సాధారణ కనీస జీతం ఏడాదికి 41,700 పౌండ్లు అయింది. నర్సుల లెక్క వేరు, వాళ్లకు ప్రభుత్వ వైద్య సేవల జీతాల పట్టికను బట్టి చూస్తారు. అందుకే తిరుపతి, వెల్లూరు ఆసుపత్రుల్లో పనిచేసే నర్సులకు బ్రిటన్, జర్మనీ రెండూ ఇప్పటికీ తెరిచే ఉన్నాయి.

జర్మనీకి పాత షెన్‌గెన్ టూరిస్టు రిజెక్షన్ పెద్ద అడ్డు కాదు. ఉద్యోగానికి ఇచ్చేది జాతీయ వీసా, దాని కొలమానం వేరు. అయితే అక్కడ కాదన్నప్పుడు రాయబార కార్యాలయానికే అభ్యంతర లేఖ రాసే పాత సదుపాయాన్ని 2025 జూలై 1 నుంచి ఎత్తేశారు. మిగిలినవి రెండే: కొత్త దరఖాస్తు, లేదా బెర్లిన్‌లోని కోర్టు. అర్హత గుర్తింపు, భాషా సర్టిఫికెట్ కొరవడి రిజెక్ట్ అయిన నర్సుకు కోర్టు అక్కర్లేదు. ఆ డబ్బుతో ఇంకో ఆరు నెలలు జర్మన్ క్లాసుకు వెళ్లడం నయం.

కెనడా వర్క్ పర్మిట్‌కు దేశం బయట తిరస్కరణ జరిగితే 60 రోజుల్లో ఫెడరల్ కోర్టుకు వెళ్లొచ్చు. గెలిచినా కోర్టు వీసా ఇవ్వదు, ఫైలును ఇంకో ఆఫీసరుకు తిరిగి పంపుతుంది. లాయరు ఫీజు పెట్టుకోగలిగి, పోయిన అవకాశం మళ్లీ దొరకదు అనుకుంటే తప్ప నేను దీన్ని సూచించను.

అమెరికాకు చెన్నైలో పెట్టాలా, హైదరాబాద్‌లోనా అని తిరుపతివాళ్లు తెగ చర్చిస్తారు. పాత నోట్స్ రెండు చోట్లా కనిపిస్తాయి, చట్టం ఒకటే. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చెన్నై దగ్గర, స్లాట్ ఎక్కడ ముందుంటే అక్కడ తీసుకోండి. హైదరాబాద్ అయితే చిలుకూరులో పదకొండు ప్రదక్షిణలు కలిసొస్తాయని ఒకాయన వాదన. ఇంట్లో కొండ మీది వెంకన్నను పెట్టుకొని చిలుకూరు దాకా వెళ్లడమేంటని వాళ్ల అవ్వ అడిగిందట.

కువైట్, దుబాయ్ లెక్క

మేనమామ సలహాను కొట్టిపారేయలేం. కడప, రాయచోటి, చిత్తూరు ప్రాంతాల నుంచి కువైట్‌కు వెళ్లి ఇళ్లు కట్టుకున్న కుటుంబాలు లెక్కలేనన్ని. అమెరికా, యూరప్ రిజెక్షన్లు గల్ఫ్ ఉద్యోగ వీసాకు సాధారణంగా అడ్డు రావు. వీసా మీ కోసం కంపెనీయే తీస్తుంది.

గల్ఫ్‌లో అడ్డొచ్చేవి వేరే. మునుపు అక్కడ పనిచేసి పారిపోయినట్టు యజమాని కేసు పెట్టి ఉండటం, బహిష్కరణ, మెడికల్‌లో అన్‌ఫిట్. బహిష్కరించినప్పుడు వేలిముద్రలు తీసుకున్నారంటే కొత్త పాస్‌పోర్టు ఇక్కడా పనిచేయదు. మెడికల్ సంగతి ఇంకా కఠినం. ఎప్పుడో తగ్గిపోయిన టీబీ మచ్చ ఎక్స్‌రేలో కనిపించినా అన్‌ఫిట్ రాసేస్తారు. ఆ ఫలితం గల్ఫ్ దేశాల ఉమ్మడి వ్యవస్థలో చేరుతుంది కాబట్టి సౌదీకి అన్‌ఫిట్ అయినవాడు ఖతార్‌కు ప్రయత్నించి లాభం లేదు. అదే మచ్చ ఉన్నవాడికి బ్రిటన్ టీబీ పరీక్షలో కఫం పరీక్ష చేసి, జబ్బు లేదని తేలితే సర్టిఫికెట్ ఇస్తారు. గల్ఫ్ సులువు, యూరప్ కష్టం అన్న మాట అందరికీ వర్తించదని చెప్పడానికి ఇదొక్కటి చాలు.

పదో తరగతి పాస్ కాని, ఈసీఆర్ (వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి కావాలన్న) ముద్ర ఉన్న పాస్‌పోర్టువాళ్లు ఈ-మైగ్రేట్‌లో (విదేశీ ఉద్యోగాలకు ప్రభుత్వం నడిపే వెబ్‌సైట్) రిజిస్టరైన ఏజెంటు ద్వారానో, అందులో నమోదైన విదేశీ యజమాని ద్వారానో వెళ్లాలి. సేవా రుసుము కింద ఏజెంటు తీసుకోగలిగింది గరిష్ఠంగా 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. రెండు లక్షలు అడిగి "ఆజాద్ వీసా" (ఎక్కడైనా పని చేసుకోవచ్చని చెప్పి అమ్మే వీసా) అనేవాడి మాట వినకండి. కువైట్‌లో ఇంటిపని వీసా 20వ ఆర్టికల్ కింద, కంపెనీ వీసా 18వ ఆర్టికల్ కింద వస్తుంది. డ్రైవర్ ఉద్యోగమని చెప్పి 20 చేతిలో పెడితే రేపు కంపెనీ మారడం అంత తేలిక కాదు. విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తామనేవాళ్ల దారిలో ప్రవాసీ భారతీయ బీమా యోజన రక్షణ కూడా ఉండదు. ఆ బీమా 10 లక్షలకు, రెండేళ్ల ప్రీమియం 275 రూపాయలు.

ఫారం ఎవరు నింపాలి

లేఖలో కారణం కాగితాల లోటే అయితే మీరే నింపుకోండి. డిగ్రీ చదివి ఉద్యోగం చేస్తున్న మనిషికి ఇది చేతకాని పని కాదు. టైపింగ్ సాయం కావాలంటే తీసుకోండి, కానీ లాగిన్, పాస్‌వర్డ్, ఈమెయిల్ మీవే ఉండాలి. సాయం తీసుకున్నారా అని డీఎస్-160 అడుగుతుంది, తీసుకుంటే అవునని రాయాలి.

కారణం మోసం, నకిలీ పత్రం అని ఉంటే కన్సల్టెన్సీ మెట్లు ఎక్కకండి. ఆ దేశపు ఇమిగ్రేషన్ లాయరు కావాలి, కెనడాకైతే లైసెన్సున్న కన్సల్టెంట్ అయినా సరే. పత్రం మీకు తెలియకుండా ఏజెంటు పెట్టాడని అనుకుంటే, అతనికి కట్టిన రసీదులు, వాట్సాప్ సంభాషణలు చెరిపేయకుండా దాచండి. ఆ వాదన గెలవడం కష్టమే, అవి లేకుండా అసలు మొదలుపెట్టడమే కుదరదు.

స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ (బ్రిటన్ వీసా కోసం కంపెనీ ఇచ్చే పత్రం) పది లక్షలకు ఇప్పిస్తాం, ఎల్‌ఎంఐఏ (విదేశీయుణ్ణి పనిలోకి తీసుకోవడానికి కెనడా కంపెనీ తెచ్చుకునే అనుమతి) పదిహేను లక్షలకు అనే బేరం మాత్రం పోలికలోకే రాదు. కెనడాలో ఎల్‌ఎంఐఏకు కట్టే 1,000 డాలర్ల ఫీజును కంపెనీ ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదు. బ్రిటన్‌లో స్పాన్సర్ కంపెనీల జాబితా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. పేరు అందులో ఉన్నంత మాత్రాన ఉద్యోగం నిజమని కాదు, లేకపోతే మాత్రం అబద్ధమని ఖాయం.

కంపెనీకి ఎప్పుడు చెప్పాలి

ఆఫర్ లెటర్ వచ్చాక, స్పాన్సర్‌షిప్ కాగితాలు మొదలుపెట్టకముందు చెప్పండి. ఇంటర్వ్యూ మొదటి రౌండ్లో చెప్పాల్సిన విషయం కాదు, వీసా ఫారం నింపే రోజున బయటపెట్టాల్సిందీ కాదు. బ్రిటన్ స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ ఒక్క దరఖాస్తుకే పనికొస్తుంది. తిరస్కరిస్తే కంపెనీ మళ్లీ డబ్బు కట్టి కొత్తది తీయాలి. ఆ సంగతి వాళ్లకు ముందే తెలిస్తే తమ లాయరుతో మీ పాత లేఖ చదివించి, ఉద్యోగ వివరణలో ఏం బలంగా రాయాలో చూసుకుంటారు. హెచ్ఆర్‌కు రెండు లైన్ల మెయిల్, జతగా పాత తిరస్కరణ లేఖ స్కాన్ కాపీ చాలు. లేఖ పోగొట్టుకున్నవాళ్లు ఏ దేశం, ఏ వీసా, ఏ నెల, ఏం కారణం అన్నంతవరకైనా రాయండి. వాళ్లు జవాబిచ్చేలోపు పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడుగుతారో లేదో కనుక్కొని, అవసరమైతే తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలో అపాయింట్‌మెంట్ తీసుకోండి. స్టేషన్ నుంచి రిపోర్టు వెళ్లడానికి ఒక్కోసారి అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు పడుతుంది.